డాబా మీద నుంచి బృహస్పతి పరిశీలన

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
• చిన్న టెలిస్కోపు ఆవర్ధనాన్ని లెక్కించగలుగుతారు.
• బృహస్పతి ఉపగ్రహాల స్థానాలను నమోదు చేయగలుగుతారు.
• ఆ నమోదుతో కెప్లర్ మూడో నియమాన్ని సరిచూడగలుగుతారు.

1. పరిచయం
దూరవిద్యలో చదివేవారికి ప్రయోగశాల అందుబాటులో ఉండకపోవచ్చు. ఖగోళశాస్త్రంలో మాత్రం ఇది పెద్ద అడ్డంకి కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో సొంత వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని పరిశీలించారు. ఇప్పుడు ఒక చిన్న టెలిస్కోపు, నోటుపుస్తకం ఉంటే మీ ఇంటి డాబాయే ప్రయోగశాల అవుతుంది.

2. స్థలం, సమయం
మీరు భట్టిప్రోలులో ఉన్నారనుకోండి. ఈ ఊరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. బృహస్పతి ఖగోళ మధ్యరేఖకు ఇరువైపులా దాదాపు 23 డిగ్రీలకు మించి పోదు. అందువల్ల ఇక్కడ అది ఏ సంవత్సరమైనా, ఆ రాత్రి అత్యంత ఎత్తుకు చేరినప్పుడు, దిఙ్మండలం నుంచి కనీసం 50 డిగ్రీల పైన ఉంటుంది. లండన్‌లో కొన్ని సంవత్సరాల్లో ఆ ఎత్తు 15 డిగ్రీలే. గ్రహం కిందుగా ఉంటే దాని కాంతి ఎక్కువ గాలి గుండా రావాలి. అప్పుడు బింబం వణుకుతుంది. ఈ విషయంలో మనకు అనుకూలత ఎక్కువ.

సూర్యుడికి సరిగ్గా ఎదురు దిశలో గ్రహం కనిపించే స్థితి ప్రతియుతి. ఇది బృహస్పతికి సుమారు 13 నెలలకోసారి వస్తుంది. అప్పుడు గ్రహం రాత్రంతా కనిపిస్తుంది. పగలంతా ఎండకు కాగిన డాబా, రాత్రి వేడిని వదులుతూ బింబాన్ని చెదరగొడుతుంది. కాబట్టి డాబా చల్లబడేదాకా ఆగండి, లేదా పెరట్లో మట్టినేల మీద నిలబడండి. చలికాలంలో మంచు కటకంపై పడకుండా టెలిస్కోపు ముందుభాగానికి దళసరి కాగితం గొట్టంలా చుట్టండి.

హెచ్చరిక: టెలిస్కోపును ఎన్నడూ సూర్యుడి వైపు తిప్పి చూడకండి.

3. ఆవర్ధనం
ఆవర్ధనం = వస్తుకటక నాభ్యంతరం ÷ అక్షికటక నాభ్యంతరం
వస్తుకటక నాభ్యంతరం 700 మి.మీ. అయితే, 25 మి.మీ. అక్షికటకంతో 28 రెట్లు, 10 మి.మీ. అక్షికటకంతో 70 రెట్లు వస్తుంది. ప్రతియుతి సమయంలో సుమారు 40 రెట్ల ఆవర్ధనంతోనే బృహస్పతి మామూలు కంటికి కనిపించే పున్నమి చంద్రుడంత పెద్దగా ఉంటుంది. 70 రెట్ల వద్ద, గాలి నిలకడగా ఉంటే, రెండు ముదురు పట్టీలు కనిపిస్తాయి.

4. నమోదు
గెలీలియో 1610 జనవరి 7న బృహస్పతి పక్కన ఒకే వరుసలో మూడు చుక్కలు చూశాడు. తరవాతి రాత్రుల్లో వాటి స్థానాలు మారాయి, నాలుగో చుక్క కూడా కనిపించింది. అవి బృహస్పతి చుట్టూ తిరుగుతున్నాయని గ్రహించాడు. అన్నీ భూమి చుట్టే తిరుగుతాయన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ. ఆ నిర్ణయానికి ఆధారం ఒక్క రాత్రి చూపు కాదు, వరుస రాత్రుల బొమ్మలు.

మీరూ ఒక నెలపాటు, మబ్బులేని ప్రతి రాత్రి తేదీ, సమయం వేసి బొమ్మ గీయండి. టెలిస్కోపును కదపకుండా ఉంచితే గ్రహం ఏ వైపుకు జారిపోతుందో అది పడమర. ప్రతి ఉపగ్రహం గ్రహానికి ఎంత దూరంలో ఉందో బృహస్పతి వ్యాసాలలో అంచనా వేయండి.

5. లెక్క
పరిభ్రమణ కాలం T (రోజులు), కక్ష్యా దూరం a (బృహస్పతి వ్యాసాలు) అనుకుంటే T² ÷ a³ అన్ని ఉపగ్రహాలకూ సమానంగా రావాలి.
అయో: T = 1.77, a = 2.95; విలువ 0.12
గనిమీడ్: T = 7.15, a = 7.5, విలువ 0.12
మీ కొలతలతో 0.11 వచ్చినా, 0.13 వచ్చినా దిద్దకండి. ఆ తేడాకు కారణం రాయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
యూరోపా దూరం 4.7 వ్యాసాలు. దాని పరిభ్రమణ కాలం ఎంత?
జవాబు: సుమారు 3.5 రోజులు.

సారాంశం
కెప్లర్ నియమాన్ని పుస్తకంలో చదివి ఒప్పుకోవడం ఒక పద్ధతి. సొంత బొమ్మల నుంచి దాన్ని రాబట్టడం మరో పద్ధతి. రెండోదానికి కావలసింది ఖరీదైన పరికరం కాదు, తప్పని నమోదు.