కొత్త బేరింగు కూత ఎందుకు పెడుతుంది?

ఒరేయ్ నాన్నా, కారు ముందువైపు నుంచి ఒకటే మోత వస్తోందన్నావు కదా, ముందు అది టైరు మోతో బేరింగు మోతో తేల్చుకో. ఆ తరవాత పానా పట్టుకుందువుగాని. రద్దీ లేని రోడ్డు మీద అరవైలో పోతూ స్టీరింగు కొద్దిగా ఎడమకి తిప్పు. బండి బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం కుడి బేరింగు మీద, తగ్గితే ఎడమదాని మీద. ఇంటికొచ్చాక జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, ఒక చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద ఆనించి రెండో చేత్తో చక్రం తిప్పు. చెవికి అందని గరగర కూడా స్ప్రింగులోంచి వేళ్ళకి తెలిసిపోతుంది. ఉత్త జాకీని నమ్మి మాత్రం కారు కిందికి దూరకు.

ఇంతకీ లోపల ఉన్నదేమిటి? రెండు ఉక్కు రింగులు (వీటినే రేసులంటారు), వాటి మధ్య రెండు వరసల గుండ్లు, కాస్త గ్రీజు. అంతే. 1794లోనే వేల్స్‌లో ఇనుప వ్యాపారం చేసే ఫిలిప్ వాన్ అనే ఆయన బండి ఇరుసుకి గుండ్ల బేరింగు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన భేషైనదే, కానీ అన్నీ ఒకే కొలతలో ఉండే గుండ్లు చెయ్యడం అప్పటికి ఎవరికీ చేతకాదు. పల్లకీ మోసే బోయీల్లో ఒకడు పొడుగైతే బరువంతా వాడి భుజం మీదే పడదూ! అలాగే వెంట్రుకవాసి పెద్దగా ఉన్న గుండు మిగతావాటి బరువు కూడా మోసి ముందు తనే చస్తుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ గుండ్లని సమంగా సానబట్టే యంత్రం చేశాకే బేరింగుకి మంచి రోజులొచ్చాయి.

విప్పడం పెద్ద విద్య కాదు. చక్రం నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టు వదులు చెయ్యి, గాల్లో ఉంటే చక్రం కూడా తిరిగిపోతుంది. బ్రేక్ కాలిపర్‌ని తీగతో పైకి కట్టు, గొట్టానికి వేలాడనియ్యకు. టై రాడ్డు, కింది బాల్ జాయింటు, స్ట్రట్ బోల్టులు విప్పితే బేరింగుని పట్టుకునే నకుల్ మొత్తం చేతికొస్తుంది. స్ట్రట్ బోల్టులు విప్పేముందు సుద్దతో గుర్తు పెట్టుకుంటే, బిగించేటప్పుడు చక్రం వాలు మరీ మారిపోకుండా ఉంటుంది.

అసలు సైన్సు ఇక్కడ మొదలవుతుంది. బేరింగు నకుల్‌లో బిగుతుగా కూర్చుంటుంది, దాన్ని లోపలికి నెట్టాలి. లోపలి రేసు మీద సుత్తి వేశావనుకో, ఆ దెబ్బ గుండ్లలోంచి బయటి రేసుకి పోతుంది. గుండు రేసుని తాకే చోటు ఆవగింజంత కూడా ఉండదు. అంత చిన్న చోట అంత దెబ్బ పడితే ఎంత గట్టి ఉక్కైనా సొట్టపోతుంది. 1900లో స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ లోహం గట్టిదనాన్ని కొలిచింది సరిగ్గా ఇలాగే: 10 మిల్లీమీటర్ల గుండుని 3000 కిలోల బరువుతో లోహంలోకి అదిమి, పడిన గుంట ఎంతుందో చూశాడు. సుత్తి పట్టుకున్న మెకానిక్కు తనకి తెలియకుండానే నీ కొత్త బేరింగుకి ఆ పరీక్ష పెడుతున్నాడన్నమాట! సొట్టలు బయటికి కనపడవు. కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ అదే మోత. పాపం, తిట్లు మాత్రం బేరింగు కంపెనీకి.

కాబట్టి నకుల్‌లోకి నెట్టేటప్పుడు బయటి రేసు మీదే తొయ్యి. పాత బేరింగు బయటి రేసుని అంచు కాస్త అరగదీస్తే తోపుడు రింగుగా పనికొస్తుంది. ఆ తరవాత సర్‌క్లిప్పు. చక్రం బిగించే హబ్బుని బేరింగులోకి దింపేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది: అవతలి వైపు నుంచి లోపలి రేసుకి ఆనుడు పెట్టాలి.

బేరింగుని ముందురోజు రాత్రి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టు. మీ నాయనమ్మతో నేను చెబుతాలే. మీటరు పొడవు ఉక్కు ఒక్క డిగ్రీకి ఇంచుమించు 12 మైక్రాన్లు కుంచించుకుంటుంది. 70 మిల్లీమీటర్ల బేరింగు 50 డిగ్రీలు చల్లబడితే ఇంచుమించు 40 మైక్రాన్లు తగ్గుతుంది. వెంట్రుక మందంలో సగం. అది ఏ మూలకి అనకు, బిగుతంతా ఆ మాత్రమే ఉంటుంది. తీసిన వెంటనే దింపెయ్యాలి, ఆలస్యమైతే చెమ్మ పడుతుంది.

నన్నడిగితే విప్పడం, బిగించడం ఇంట్లో చేసుకుని, నెట్టే పని మాత్రం లేత్ షాపులో ప్రెస్సు కింద చేయించు. అయితే అక్కడే నిలబడి ఏ రేసు మీద తొయ్యాలో నువ్వే చూపించు. ఏబీఎస్ ఉన్న బండైతే బేరింగు ఒక వైపు సీలులో అయస్కాంతం పట్టీ ఉండొచ్చు, అది సెన్సారు వైపే తిరగాలి. తిరగేసి నెట్టారంటే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, చేసిందంతా మళ్ళీ విప్పాలి.

యాక్సిల్ నట్టు కొత్తది తెచ్చుకో. మాన్యువల్లో 200 న్యూటన్ మీటర్లని ఉంటే, మీటరు కడ్డీ చివర 20 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు. రెండు వరసల గుండ్లనీ సరిగ్గా అదిమి పట్టుకునేది ఆ నట్టే. అందుకని అది పూర్తిగా బిగిసేదాకా కారుని అంగుళం కూడా దొర్లించకు, పక్కింటివాళ్ళు స్కూటరు తీసుకోవాలని ఎంత గోల పెట్టినా సరే.