ఆల్ప్స్ కొండల్లో నడక: ముందుగా వేసుకోవలసిన లెక్క



మనవాళ్ల పిల్లలు చాలామంది ఇప్పుడు ఐరోపా దేశాల్లో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారిని చూడడానికి బెంగళూరు నుంచో, బరంపురం నుంచో, యానాం నుంచో వెళ్లే పెద్దలు పనిలో పనిగా స్విట్జర్లాండు కూడా చూసి వస్తున్నారు. కొండను చూడగానే ఎక్కాలనిపించడం సహజం. తిరుమల మెట్లెక్కిన కాళ్లే కదా అన్న ధైర్యమూ ఉంటుంది. ధైర్యం మంచిదే. కానీ ఆల్ప్స్ కొండల్లో నడకకు ధైర్యంతో పాటు ఒక కాగితమూ, ఒక పెన్సిలూ కావాలి. ఆ కాగితం మీద ఏం రాసుకోవాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందు ఒక పాత సంగతి. స్విట్జర్లాండు, ఇటలీ దేశాల సరిహద్దులో మాటర్‌హార్న్ అనే శిఖరం ఉంది. ఎత్తు 4,478 మీటర్లు. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ అనే ఆంగ్లేయుడు, మరో ఆరుగురు కలిసి ఆ శిఖరాన్ని మొట్టమొదటిసారి ఎక్కారు. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. దిగేటప్పుడు, అందరిలోకీ అనుభవం తక్కువైన పందొమ్మిదేళ్ల హాడో కాలు జారి ముందున్న గైడు మీద పడ్డాడు. అందరూ ఒకే వరసన తాళ్లతో కట్టుకొని ఉన్నారు. ఆ ఇద్దరి బరువుకు వెనకనున్న మరి ఇద్దరు కూడా జారిపోయారు. ఆ తర్వాతి మనిషికి ముందు తాడు తెగింది. నలుగురు చనిపోయారు, ముగ్గురు మిగిలారు. తెగినది వారి దగ్గరున్న తాళ్లలో బలహీనమైన తాడని తర్వాత తెలిసింది. ఆ తాడు ముక్క జెర్మాట్ ఊరి మ్యూజియంలో నేటికీ ఉంది.

పైకి చేరితే అయ్యేది సగం దారే. అందుచేత లెక్క ఎప్పుడూ తిరిగి ఇంటికి చేరేదాకా వేయాలి. శిఖరాన్ని అలవాటున్నవారికి వదిలిపెట్టి, మనబోటి వారికి సాధ్యమయ్యే ఒక దారికి ఆ లెక్క వేసి చూద్దాం.

జెర్మాట్ నుంచి రోప్‌వేలో ష్వార్జ్‌సే అనే చోటికి వెళ్లవచ్చు. ఆ పేరుకు వారి భాషలో నల్లచెరువు అని అర్థం. ఎత్తు 2,583 మీటర్లు. నీలగిరుల్లోని దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. అంటే అక్కడ మన నడక మొదలయ్యేదే దాదాపు దొడ్డబెట్ట ఎత్తున. అక్కడి నుంచి మాటర్‌హార్న్ పాదం దగ్గరున్న హోర్న్లీ విడిదికి కాలిబాట ఉంది. విడిది ఎత్తు 3,260 మీటర్లు. దూరం సుమారు 4 కిలోమీటర్లు.

నాలుగు కిలోమీటర్లే కదా, గంటలో వెళ్లిపోతామనుకుంటే అక్కడే పొరపాటు. కొండల్లో దూరాన్ని గంటల్లో కొలవాలి. ఆల్ప్స్ ప్రాంతంలో వాడే లెక్క ఒకటుంది. గంటకు 4 కిలోమీటర్ల నడక, లేదా 300 మీటర్ల ఎత్తు ఎక్కడం, లేదా 500 మీటర్లు దిగడం. దూరానికి పట్టే సమయం ఒకటి, ఎత్తుకు పట్టే సమయం ఒకటి విడివిడిగా కట్టాలి. రెండింటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి.

మన దారికి చూడండి. ఎక్కవలసిన ఎత్తు 677 మీటర్లు. దానికి రెండుంబావు గంటలు. నాలుగు కిలోమీటర్లకు ఒక గంట, అందులో సగం అరగంట. మొత్తం రెండుముప్పావు గంటలు. దిగడానికి ఇదే పద్ధతిలో సుమారు గంటా యాభై నిమిషాలు. పైన అరగంట విశ్రాంతి కలిపితే ఐదు గంటలు దాటింది. ఫొటోలకు, మోకాళ్ల నొప్పికి ఇంకో గంట ఉంచుకోండి. ఆరు గంటల పని. అక్కడి బోర్డు మీద ఇంతకంటే తక్కువ సమయం కనిపించవచ్చు. అది అలవాటున్నవారి నడక. అందులో విశ్రాంతి సమయం కలపరు.

బోర్డుల రంగులు కూడా తెలుసుకోవాలి. స్విట్జర్లాండులో పసుపు గుర్తులుంటే మామూలు నడకదారి. తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలుంటే కొండబాట. నిటారుగా, ఇరుకుగా ఉంటుంది, అడుగు నిలకడగా వేయగలగాలి. తెలుపు, నీలం, తెలుపు పట్టీలు కనిపిస్తే ఆగండి. అది మంచుగడ్డలు, బండలు దాటవలసిన దారి, తాడు వాడడం తెలిసినవారిది. మనం చెప్పుకున్న బాట రెండో రకానిది.

ఇక వాతావరణం. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 1,600 మీటర్ల ఎత్తున ఉన్న జెర్మాట్‌లో 18 డిగ్రీలుంటే విడిది దగ్గర 7 డిగ్రీలే ఉండవచ్చు. గాలి వీస్తే ఇంకా చలి. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అందుకే ఆయాసం వస్తుంది. వేసవిలో పొద్దుట ఆకాశం నిర్మలంగా ఉన్నా మధ్యాహ్నానికి ఉరుములతో వాన రావడం ఆల్ప్స్‌లో మామూలే. కొండ వెన్ను మీద ఉన్నవారికి పిడుగు భయం ఎక్కువ. కనుక ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి వాతావరణ సూచన చూడాలి. బాట మీద మంచు కరిగిందో లేదో, విడిది తెరిచి ఉందో లేదో ఊళ్లోనే అడగాలి.

ఇప్పుడు కాగితం మీద అన్నిటికంటే ముఖ్యమైన అంకె వేద్దాం. అది వెనుదిరిగే వేళ. ఎనిమిదిన్నరకు ష్వార్జ్‌సే నుంచి బయలుదేరితే పదకొండుంబావుకు విడిది చేరాలి. ముప్పావుగంట సడలింపు ఇచ్చి పన్నెండు అని రాసుకోండి. పన్నెండయ్యేసరికి ఎక్కడున్నా సరే, విడిది కళ్లముందు కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. ఇంత కచ్చితం ఎందుకంటారా? చివరి రోప్‌వే తప్పిపోతే జెర్మాట్‌కు ఇంకో 970 మీటర్లు కాలినడకన దిగాలి. అలసిన కాళ్లు, చీకటి, చలి మూడూ ఒకేసారి ఎదురవుతాయి. ఈ నిర్ణయం ఇంటి దగ్గర తీసుకోవడం తేలిక. కొండ మీద, ఇంత ఖర్చుపెట్టి వచ్చాం కదా అన్న మాట మనసును లాగుతుంది. అందుకే ముందే రాసుకోవడం.

నలుగురు కలిసి వెళ్తే లెక్క బలహీనంగా నడిచేవారికి వేయాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే నాన్నగారి అడుగే అందరి అడుగు. ఆయన పైకి ఎక్కగలరా అని మాత్రమే అడగకండి. మోకాళ్లకు దిగడమే ఎక్కువ కష్టం. గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. పట్టు ఉన్న బూట్లు, వానకోటు, ఒక ఉన్ని దుస్తు, మంచినీళ్లు, టార్చిలైటు అందరి దగ్గరా ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో బస చేసినచోట చెప్పి వెళ్లండి.

ఆపద వస్తే ఐరోపా అంతటా పనిచేసే ఫోను నంబరు 112. ఫోను అందని చోట ఆల్ప్స్‌లో ఒక సంకేతం ఉంది. నిమిషానికి ఆరుసార్లు కేక వేయడమో, ఈల వేయడమో, టార్చి వెలిగించడమో చేయాలి. ఒక నిమిషం ఆగి మళ్లీ చేయాలి. చూసినవారు నిమిషానికి మూడుసార్లు జవాబిస్తారు. అంతవరకు మానకూడదు.

విడిది దాటి శిఖరానికి వెళ్లేవారు సైతం ఇదే లెక్క పాటిస్తారు. తెల్లవారకముందే టార్చిలైట్లతో బయలుదేరతారు. దారిలో 4,003 మీటర్ల ఎత్తున సోల్వే అనే చిన్న ఆశ్రయం ఉంది. అక్కడికి బాగా ఆలస్యంగా చేరినవారిని గైడ్లు వెనక్కి తీసుకువస్తారు. శిఖరం ఇంకా 475 మీటర్లే ఉన్నా సరే.

వెనక్కి తిరిగినవారికి కొండ మళ్లీ దొరుకుతుంది. మీ పిల్లలతో అటువైపు వెళ్లే రోజు వస్తే, ముందురోజు రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఆ కాగితం రాయండి. వెనుదిరిగే వేళను పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరి చేతా సరేననిపించండి.