చల్లని రేకు నగ అయ్యే తీరు: బందరు రోల్డ్‌గోల్డ్‌పై అపోహలు – వాస్తవాలు

విజయవాడ బీసెంట్ రోడ్డులో రోల్డ్‌గోల్డ్ గొలుసు బేరమాడేటప్పుడు తరచూ వినబడే మాట ఒకటుంది: "పైపూతే గదా, దీనికింత ధరా?" ఆ పూత కిందే అసలు పనంతా ఉంది. బందరు (మచిలీపట్నం) చిలకలపూడిలో, పోతేపల్లి జ్యువెలరీ పార్కులో రేకు నగగా మారే తీరు తెలిస్తే ఆ మాట అనలేం.

అపోహ: లోహాన్ని ఎర్రగా కాల్చితేనే ఆకారం వస్తుంది.

వాస్తవం: రాగి, ఇత్తడి రేకుల్ని కాల్చకుండానే కింద అచ్చు, పైన పంచ్ పెట్టి ప్రెస్సుతో ఒత్తుతారు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఈ పనికి ఆ వేడితో అవసరమే లేదు. ఒత్తిడికి లోహంలోని పరమాణువుల పొరలు ఒకదానిమీద ఒకటి జారి కొత్త ఆకారంలో నిలిచిపోతాయి. హైదరాబాద్ టంకశాలలో నాణేల ముద్ర పడేదీ ఇలా చల్లని బిళ్లల మీదే. అచ్చుల పని బందరుకు కొత్త కాదు. ఔరంగజేబు కాలంలో మచిలీపట్నం టంకశాల పేరుతో వెండి రూపాయలు వెలువడ్డాయి. అప్పట్లో ప్రెస్సు చేసే పని సుత్తి చేసేది.

మరి నగలు చేసే షెడ్డులో మంట ఎందుకు? ఒత్తేకొద్దీ పరమాణువుల వరుసల్లోని లోపాలు పెరిగి, ఒకదానికొకటి చిక్కుపడి, ఇక జరగనంటాయి. రేకు గట్టిపడుతుంది. అలాగే ఇంకా ఒత్తితే చిట్లుతుంది. అందుకే మధ్యలో ఓసారి కాల్చి మెత్తబరుస్తారు. అతుకులు పెట్టడానికీ మంట కావాలి. ఆకారం ఇచ్చేది మాత్రం అచ్చే.

అపోహ: కాల్చి నీళ్లలో ముంచితే ఏ లోహమైనా గట్టిపడుతుంది.

వాస్తవం: ఇది కమ్మరి కొలిమి దగ్గర పుట్టిన నమ్మకం. వరి కోసే కొడవలి విషయంలో నిజమే. ఉక్కును ఒక్కసారిగా చల్లారిస్తే అందులోని కార్బన్ ఇరుక్కుపోయి గట్టితనం వస్తుంది. రాగిలో ఆ మార్పు జరగదు. కాల్చిన రాగిని నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. పైగా నల్లటి పొర ఊడి శుభ్రపడుతుంది. ఒకే నీటి తొట్టిలో రెండు లోహాలు ఇలా ఎదురెదురు గుణాలు చూపడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అపోహ: ఆకారం వచ్చేశాక లోహానికి ఇక ఏ ఇబ్బందీ ఉండదు.

వాస్తవం: చల్లగా ఒత్తిన ఇత్తడిలో ఒత్తిడి కొంత లోపలే దాగి ఉంటుంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. గుర్రపు మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, దాగిన ఒత్తిడి కలిసి చేసిన పని అదని 1921లో తేల్చారు. తక్కువ వేడితో ఓసారి కాస్తే ఆ ఒత్తిడి సడలుతుంది.

అపోహ: అచ్చులో వేసి నొక్కడమేగా, అందులో పనితనం ఏముంది?

వాస్తవం: ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. లతనో నెమలినో ఉక్కు అచ్చులో తిరగేసి, మిట్టకు బదులు పల్లంగా చెక్కాలి. రేకును కత్తిరించే అచ్చయితే పంచ్‌కీ అచ్చుకీ మధ్య ఖాళీ ఒక్కో వైపు రేకు మందంలో సుమారు 5 నుంచి 10 శాతం ఉండాలి. అర మిల్లీమీటరు రేకుకు అది మిల్లీమీటరులో 20వ వంతుకు మించదు. ఎక్కువైతే అంచు గరుకుగా వస్తుంది, తక్కువైతే పంచ్ త్వరగా అరుగుతుంది. పైగా వంచిన రేకు కాస్త వెనక్కి లేస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టేవాళ్లకిది బాగా తెలుసు: 90 డిగ్రీల మూల కావాలంటే అంతకంటే కొంచెం ఎక్కువే వంచుతారు.

అపోహ: రోల్డ్‌గోల్డ్ అన్నా, గోల్డ్ కవరింగ్ అన్నా ఒకటే.

వాస్తవం: అసలైన రోల్డ్‌గోల్డ్‌లో బంగారు రేకును రాగికో ఇత్తడికో ముందే అంటిస్తారు. ఆ తర్వాత సాగదీసినా, కమ్మచ్చులో తీగ తీసినా రెండూ కలిసే పలచబడతాయి. ఇప్పుడు ఎక్కువగా జరిగేది నగ తయారయ్యాక కరెంటుతో బంగారు పూత వేయడం. ఆ పూత మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కొనేటప్పుడు రంగు కంటే ముందు అడగాల్సింది ఎన్ని మైక్రాన్ల పూత అనే.