యాభై దాటాక మళ్లీ ఈత

మా మొహల్లా మసీదులో పదేళ్ల క్రితం సఫ్ చివర రెండు కుర్చీలు ఉండేవి. ఎనభై ఏళ్లు దాటిన పెద్దలిద్దరు వాటిమీద కూర్చుని నమాజు చదివేవారు. మొన్న ఒక జుమా రోజున లెక్కపెడితే పదకొండు కుర్చీలు తేలాయి. కూర్చున్నవారిలో సగం మంది నా ఈడువాళ్లే. పదకొండో కుర్చీ నాది.

మోకాళ్ల నొప్పి, దానికి తోడు పెరిగిన పొట్ట. సజ్దాలోకి వెళ్లడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. డాక్టరు గారు బరువు తగ్గమన్నారు. తగ్గాలంటే నడవాలి, నడిస్తే మోకాలు ఊరుకోదు. ఈ చిక్కు నాకు ఈతతో కొంత విడింది. ఈ సంచిక చదివే దాతల్లో నాలాంటివారు తక్కువేమీ ఉండరు కనుక, ఏడు నెలల్లో తెలుసుకున్నది రాస్తున్నాను.

నీరు చేసే పని హైస్కూలు పాఠమే. నీటిలో మునిగిన దేన్నైనా నీరు పైకి నెడుతుంది. నడుము లోతులో నిలబడితే కాళ్లమీద పడే భారం దాదాపు సగానికి తగ్గుతుంది. మెడ దాకా దిగితే పదో వంతే మిగులుతుంది. అంటే 90 కిలోల మనిషి కాళ్లు మోసేది సుమారు 9 కిలోలే. మరోవైపు నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కనిది. చేయి కదిపినా కాలు కదిపినా అడ్డుపడుతుంది. కీలు బరువు మోయదు, కండరానికి మాత్రం పని తప్పదు. ఇన్నేళ్లు ఈ పాఠం పిల్లలకు చెప్పాను కానీ నా మోకాలికి వర్తిస్తుందని తోచలేదు!

చిన్నప్పుడు వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని కాలువలో ఈత నేర్చినవాళ్లం. ఆ ధీమాతోనే మొదటి రోజు పూల్‌లోకి దిగాను. 25 మీటర్ల పూల్ ఒక్కసారి దాటేసరికి గుండె దడదడలాడింది, గట్టు పట్టుకుని మూడు నిమిషాలు మాట రాలేదు. కాలువ ఈతలో మనం తల పైకెత్తి కాళ్లూ చేతులూ కొడతాం. తల లేస్తే నడుము మునుగుతుంది, మునిగిన నడుమును లాగడానికే బలమంతా ఖర్చవుతుంది. మెడ నొప్పి అదనం. కోచ్ ఇరవై రెండేళ్ల కుర్రాడు. “అంకుల్, ముందు ఈత మానేయండి” అన్నాడు. నిజంగానే రెండు వారాలు ఈత కొట్టనివ్వలేదు.

ఆ రెండు వారాలూ ఊపిరి వదలడమే నేర్పాడు. గట్టు పట్టుకుని, ముఖం నీటిలో పెట్టి, ముక్కుతోనూ నోటితోనూ బుడగలు వదలాలి. తల పక్కకు తిప్పి గాలి పీల్చుకోవాలి. మళ్లీ బుడగలు. కొత్తవారు అలిసిపోయేది కాళ్లు చేతుల వల్ల కాదు, నీటిలో ఊపిరి బిగబట్టడం వల్ల. లోపలి గాలి వదలకపోతే కొత్త గాలికి చోటుండదు. ఈ ఒక్క విషయం పట్టుబడితే సగం ఈత వచ్చినట్టే. తర్వాత బోర్లా తేలడం, వెల్లకిలా తేలడం, ఆపైన పలక పట్టుకుని కాళ్లు ఆడించడం. కాలు తొడ మొదలు నుంచి కదలాలి, మోకాలి దగ్గర సైకిల్ తొక్కినట్టు మడిస్తే ముందుకు పోము.

ఇప్పుడు నేను చేస్తున్నది వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. మొదటి ఐదు నిమిషాలు ఛాతీ లోతు నీటిలో నడక. తర్వాత పూల్ అడ్డంగా ఒకసారి దాటి, నిమిషం ఆగడం. అలా నాలుగు సార్లు. ఆగినప్పుడు ఒక పూర్తి వాక్యం తెగకుండా మాట్లాడగలిగితేనే మళ్లీ బయల్దేరాలి, లేకుంటే ఇంకో నిమిషం ఆగాలి. మొదటి నెలలో మొత్తం కలిపి 100 మీటర్లు దాటలేదు. మూడో నెలకు 300 మీటర్లు వచ్చింది, అదీ ఆగి ఆగి. పక్క వరుసలో పిల్లలు చేపల్లా పోతుంటే పౌరుషం వస్తుంది, దానికి లొంగితే మర్నాడు భుజం చెబుతుంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నా ఈత అందులో 90 నిమిషాలే. మిగతాది మెల్లగా నడిచి పూర్తి చేస్తున్నాను.

మోకాళ్లు నొప్పి ఉన్నవారు కప్ప ఈతకు తొందరపడవద్దు. ఆ తన్నులో మోకాలి లోపలివైపు ఒత్తిడి పడుతుంది. వెల్లకిలా ఈత నడుముకూ మెడకూ హాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దిగకూడదు. షుగరుకు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి ఈత మధ్యలో షుగరు పడిపోవచ్చు. గట్టుమీద గ్లూకోజు పెట్టుకోండి, కోచ్‌కు ముందే చెప్పండి, ఒంటరిగా మాత్రం దిగవద్దు. పాదాలకు స్పర్శ తగ్గినవారు గట్టుమీద చెప్పులు లేకుండా తిరగకూడదు. ఇంకొకటి, ఈత తర్వాత ఆకలి రెట్టింపవుతుంది. అరగంటలో కరిగింది ఒక ప్లేటు బిర్యానీతో తిరిగొచ్చేస్తుంది. నేను ఏడు నెలల్లో తగ్గింది నాలుగు కిలోలే, ఆ లెక్కలో రెండు వలీమాలు ఉన్నాయి.

మన కట్టుబాట్ల సంగతి చాలామంది అడిగారు. వృథా కాలక్షేపం కిందికి రాని నాలుగింటిలో ఈత నేర్చుకోవడం ఒకటని ఇమాం నసాయీ సేకరించిన హదీసుల్లో ఉంది. మగవారికి మోకాలు దాటే నైలాన్ నిక్కర్లు దొరుకుతున్నాయి, సత్ర్‌కు ఇబ్బంది లేదు. నూలు బట్టలు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, పూల్‌లో ఒప్పుకోరు కూడా. రంజాన్‌లో రోజాతో దిగితే నీరు గొంతులోకి పోయే భయం ఉంది. నేను ఆ నెల మానుకున్నాను.

ఆడవారి సంగతే అసలు చిక్కు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ఎప్పుడో వచ్చాయి. ఆస్ట్రేలియాలో స్థిరపడిన లెబనాన్ మూలాల ముస్లిం మహిళ అహెదా జనెటి 2004లో బుర్కినీ రూపొందించారు. బట్ట ఉంది, సమయమే లేదు. మా ఊరి పూల్‌లో మహిళలకంటూ వేరే బ్యాచ్ లేదు, ఆడ కోచ్ లేరు. మా ఇంట్లో ఆమెకు నాకంటే ఎక్కువ మోకాళ్ల నొప్పి. నేను తడి తువ్వాలుతో ఇంటికొచ్చిన ప్రతిసారీ “మాకెప్పుడు?” అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

నేను ఇప్పుడు ఫజర్‌లో రెండు రకాతులు నేలమీద చదవగలుగుతున్నాను. ఇషాకు ఇంకా కుర్చీయే. ఆడవారికి ఈ మాత్రం కూడా అందకుండా పోవడం న్యాయం కాదనిపించి, కమిటీ పెద్దల ముందు ఒక మాట పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం పూల్ ఖాళీగా ఉంటుంది. ఆ రెండు గంటలు మన సొసైటీ అద్దెకు తీసుకుని, ఒక మహిళా కోచ్‌ను పెట్టి, లోపలికి మగవారు రాకుండా తలుపు దగ్గర మనిషిని ఉంచితే చాలు. రుసుము కట్టలేని ఇళ్ల ఆడవారికి దాతలు కట్టవచ్చు.

అదే ఖర్చులో ఇంకో గంట మన స్కాలర్‌షిప్ పిల్లలకు కేటాయించమని కూడా కోరాను. 2021లో ప్రపంచం మొత్తంమీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంత దూరం పోనక్కర్లేదు. నా తరగతిలో ఒక బెంచీ వేసవి సెలవుల తర్వాత ఖాళీగా ఉండిపోయింది. కాలువకు స్నానానికి వెళ్లిన పిల్లవాడు. హాజరు పట్టీలో ఆ పేరు కొట్టేసింది నేనే.

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిస్తారు. పూల్ వారితో మార్చిలోపే మాట్లాడుకోవాలి. ఆ తర్వాత వేసవి శిక్షణ శిబిరాలకు సమయమంతా నిండిపోతుంది.