వైద్యుల సంఘమూ, మందుల గీటురాయీ

వైద్యుల సంఘమనగానే మనవారిలో పెక్కుమందికి స్ఫురించునవి పూలదండలు, శాలువలు, విందులు. సభ ముగిసిన పిదప దానివలన రోగికి ఒనగూడు ప్రయోజన మేమియు లేదని విద్యావంతులు సైతము నిస్సంకోచముగా పలుకుచుందురు. ఈ అభిప్రాయ మెంత అసమంజసమో తెలియవలెనన్న, ఐరోపాలోని క్యాన్సరు వైద్యుల సంఘము చేసిన యొక్క పనిని పరిశీలించిన చాలును.

1975లో ఫ్రాన్సు దేశమున కొద్దిమంది వైద్యులతో పుట్టి, నేడు స్విట్జర్లాండులోని లుగానో కేంద్రముగా నడచుచున్న ఈ సంఘమునకు యూరోపియన్ సొసైటీ ఫర్ మెడికల్ ఆంకాలజీ యని పేరు. ఎస్మో యని వ్యవహారము. మహాసభలు జరుపుట, యువవైద్యులకు పరీక్షలు పెట్టుట, ఏ క్యాన్సరునకు ఏ దశలో ఏ చికిత్స యుక్తమో మార్గదర్శక సూత్రములు వెలువరించుట దాని నిత్యకృత్యములు. వానిని అట్లుంచి, మందుల వలన రోగికి కలుగు మేలును తూచుటకు 2015లో అది ప్రకటించిన కొలమానమును గూర్చి చెప్పెదను.

క్రొత్తమందు మృత్యుప్రమాదమును 18 శాతము తగ్గించునని చెప్పుదురనుకొనుడు. వినుటకు ఘనముగా నున్న ఈ మాటలో అసత్యము లేదు. కాని ఆ తగ్గుదల రోగి ఆయుర్దాయములో ఎన్ని దినములుగా పరిణమించినదను ప్రశ్నకు అందులో సమాధానమును లేదు. క్లోమగ్రంథి క్యాన్సరునకు జెమ్‌సైటబిన్‌తో ఎర్లోటినిబ్ మాత్రను చేర్చి యిచ్చి చూచిన పరిశోధనలో సరిగా ఇదియే జరిగినది. ప్రమాదము 18 శాతము తగ్గినది. మధ్యస్థ జీవితకాలము, అనగా రోగులలో సగముమంది దాటి బ్రతికిన కాలము, 5.91 మాసముల నుండి 6.24 మాసములకు పెరిగినది. భేదము పది దినములు! ఆ పది దినముల మందునకు అమెరికాలో 2005లో అనుమతి లభించినది.

ఎస్మో కొలమానము ఈ రెండు లెక్కలను జోడించి చూచును. పాతచికిత్సతో మధ్యస్థకాలము ఏడాదికి మించని జబ్బులలో, ప్రమాదమును గణనీయముగా తగ్గించుటయేగాక కనీసము 3 మాసముల ఆయువును పెంచినచో 4వ శ్రేణి. పెంపు ఒకటిన్నర మాసమునకు లోబడినచో అట్టడుగుదైన 1వ శ్రేణి. రోగి బాధ తగ్గి బ్రతుకు మెరుగుపడినచో ఒక మెట్టు పైకి. నయముచేయగల చికిత్సలకు వేరుగా ఎ, బి, సి శ్రేణులు కలవు.

బంగారమును అమ్మువాని చేతనే గీటురాయి యుండరాదు గదా! ఆ రాయిని వైద్యులు సమష్టిగా తమచేతికి తీసికొనుటయే ఇందలి విశేషము. సంఘములకు మందుల కంపెనీల ద్రవ్యము అందుచున్న మాట నిజమే. అందుచేతనే లెక్కించు విధానమంతయు బహిరంగముగా నుండుట ముఖ్యము, ఎవరైనను మరల గీచి చూడవచ్చును. గీటురాయి వన్నె చెప్పునుగాని ధర చెప్పదు. ఈ కొలమానమునను ధర ప్రసక్తి లేదు. అయినను వన్నె తెలిసినవాడే బేరమాడగలడు. అత్యవసర ఔషధముల జాబితాను కూర్చు ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు దీనిని తొలి జల్లెడగా వాడుచున్నారు.

గడ్డకు సూది తగిలినచో వ్యాధి ఒడలెల్ల ప్రాకునని భయపడి, ముక్కపరీక్షను త్రోసిపుచ్చి, పసరువైద్యుని యింటి చుట్టును తిరిగి అమూల్యమైన మాసములను పోగొట్టుకొనువారు మనలో నేటికిని కలరు. ఆ పసరు ఏ గీటురాయి మీదను ఎన్నడును గీయబడలేదు. మరియొకవంక, పొలము తాకట్టుపెట్టి ఖరీదైన ఇంజక్షనుకై పట్నమునకు పరుగిడు కుటుంబములును కలవు, వారు "డాక్టరుగారూ, దీనివలన ఎన్ని నెలలు కలిసివచ్చును? ఎస్మోవారు దీనికి ఏ శ్రేణి యిచ్చినారు?" అని అడుగుటలో అవిధేయత ఏమియు లేదు. ఎస్మోవారి శ్రేణుల పట్టిక అందరికిని అందుబాటులో నున్నది; డాక్టరుగారు అప్పటికప్పుడు చూచి చెప్పగలరు.