పిల్లల్ని ఎవరి చేతుల్లో పెడుతున్నాం?

వంకాయలు కొనేటప్పుడు మనం ఊరికే తీసి సంచీలో వేసుకోం. ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం. పుచ్చు ఉందేమోనని తొడిమ దగ్గర వెతుకుతాం. బెండకాయ అయితే కొస విరిచి చూస్తే గాని తీసుకోం. ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవాలంటే ఇదివరకు ఎవరింట్లో చేసింది, ఎందుకు మానేసింది, ఎక్కడుంటుంది అని నాలుగిళ్ళలో వాకబు చేస్తాం. ఇక పెళ్ళి సంబంధమైతే చెప్పనే అక్కర్లేదు. అటేడు తరాలూ ఇటేడు తరాలూ తవ్విపోస్తాం.

ఇంత జాగ్రత్త గల మనమే వేసవి సెలవులు రాగానే ఏం చేస్తున్నాం? ఈతకొలను దగ్గర పిల్లవాణ్ణి దింపి, "సార్ చెప్పినట్టు వినరా" అని ఒక మాట చెప్పి వచ్చేస్తాం. మాల్‌లో పిల్లల ఆటస్థలం కనిపిస్తే గంటకింతని డబ్బు కట్టి, పిల్ల చేతికి కాగితం పట్టీ వేయించి, హమ్మయ్య అనుకుని బజారు పని చూసుకుంటాం. ఆ సార్ ఎవరు? ఇంతకు ముందు ఎక్కడ పని చేశాడు? రంగుబంతుల తొట్టి దగ్గర నిలబడి పిల్లల్ని ఎత్తి దింపుతున్న ఆ కుర్రాడు ఎవరు? కనీసం పేరైనా అడిగామా?

"అంత పెద్ద సంస్థ కదా, వాళ్ళు చూసుకోరా?" అంటారు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని. అలా అనుకుని నేనేం చేశానో చివర్లో చెబుతాను. ముందు చట్టం ఏమంటోందో చూద్దాం.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆ ఏడు నవంబరు 14న, పిల్లల పండగనాడే, అమలులోకి వచ్చింది. 18 ఏళ్ళ లోపు వాళ్ళందరూ, మగపిల్లలైనా ఆడపిల్లలైనా, దీని దృష్టిలో పిల్లలే. ఈ చట్టం కింద 2020 మార్చిలో కొత్త నియమాలు చేశారు. మనబోటి తల్లులు తెలుసుకోవలసిన మాట ఒకటి వాటిలో ఉంది. పిల్లలతో తరచుగా సంబంధం ఉండే ఏ సంస్థ అయినా తన సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, వాళ్ళ పూర్వాపరాలు విచారించాలి. బడులు, పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లు, ఆటల అకాడమీలు అని పేర్లు చెప్పి, "పిల్లల కోసం ఉన్న మరే సదుపాయమైనా సరే" అని కలిపారు. అంటే ఈత, స్కేటింగ్, కరాటే, డాన్సు నేర్పే చోట్లూ, మాల్‌లో ఆటస్థలాలూ, వేసవి శిబిరాలూ తప్పించుకోవడానికి లేదన్నమాట.

ఇంకొక సంగతి గమనించండి. పాఠం చెప్పేవాళ్ళకే కాదు, చెప్పనివాళ్ళకీ చేయించాలి. పర్మనెంటు వాళ్ళకే కాదు, కాంట్రాక్టు వాళ్ళకీ చేయించాలి. అదీ ఉద్యోగంలో చేరేటప్పుడు ఒక్కసారి చేయించి బీరువాలో పెట్టేయడం కాదు, ఎప్పటికప్పుడు మళ్ళీ చేయించాలి. అందరికీ ఎందుకంటారా? 2022లో హైదరాబాదులో ఒక బడిలో నాలుగేళ్ళ పసిదాన్ని చెరిచినవాడు పంతులు కాడు. ప్రిన్సిపాల్ గారి కారు డ్రైవరు. మరుసటి ఏడు అతనికి 20 ఏళ్ళ శిక్ష పడింది. పిల్లల దగ్గరికి రావడానికి హోదాతో పని లేదు, ఆ ఆవరణలో తిరిగే వీలు ఉంటే చాలు.

ఈ విచారణ ఎలా జరుగుతుందో కాస్త చూద్దాం. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి పోలీసులది. సంస్థవారు ఉద్యోగి పేరు, ఇప్పటి చిరునామా, సొంతూరి చిరునామా ఇచ్చి దరఖాస్తు పెడితే, అతని మీద కేసులేవైనా ఉన్నాయేమో వాళ్ళు చూసి చెబుతారు. లైంగిక నేరాలలో శిక్షపడినవాళ్ళ వివరాలతో దేశం మొత్తానికి ఒక జాబితాను 2018 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ ప్రారంభించింది. దాన్ని పోలీసులు, దర్యాప్తు అధికారులు మాత్రమే చూడగలరు, మీరూ నేనూ చూడలేం. అందుకే యజమాని పోలీసుల దగ్గరికి వెళ్ళి తీరాలి. రెండో పని యజమానిది. ఇంతకు ముందు పని చేసినచోటికి తానే ఫోన్ చేసి, ఎన్నాళ్ళు చేశాడు, ఎందుకు మానేశాడు, పిల్లలతో ఎలా ఉండేవాడు అని అడగాలి. మధ్యలో ఏడాదో రెండేళ్ళో ఖాళీ కనిపిస్తే ఆ రోజుల్లో ఎక్కడున్నాడో కనుక్కోవాలి. మనం పనిమనిషి గురించి చేసే వాకబు లాంటిదే ఇదీను.

"ఆధార్ కార్డు నకలు తీసుకున్నాం కదండీ" అంటారు కొందరు మేనేజర్లు. ఆధార్ ఆ మనిషి ఎవరో చెబుతుంది గాని, ఎలాంటివాడో చెప్పదు.

కాబట్టి ఈసారి పిల్లను చేర్పించేటప్పుడు ఫీజు ఎంత అని అడిగే నోటితోనే మరో నాలుగు ప్రశ్నలు అడగండి. మీ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ ఎప్పుడు చేయించారు? ఏజెన్సీ ద్వారా వచ్చిన వాచ్‌మన్‌కీ, ఊడ్చేవాళ్ళకీ కూడా చేయించారా? పిల్లలు బట్టలు మార్చుకునే చోట, బాత్‌రూమ్ దగ్గర ఎవరుంటారు? పెద్దవాళ్ళు ఎవరైనా ఒంటరిగా ఒక పిల్లతో తలుపు వేసుకుని ఉండే వీలుందా? ఏదైనా ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి? పద్ధతిగా నడిపేవాళ్ళు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. కాగితం తీసి చూపిస్తారు. "మా వాడు బంగారం మేడమ్, మా ఊరివాడే" అని నవ్వేసినచోట మాత్రం కాస్త ఆగండి.

అయితే అక్కడ పని చేసే ప్రతివాణ్ణీ దొంగను చూసినట్టు చూడమని నేను చెప్పడం లేదు. బట్టలు మాసి ఉన్నాయనీ, భాష వేరనీ, ఊరు వేరనీ అనుమానపడడం అన్యాయం. ఇస్త్రీ బట్టలు వేసుకుని ఇంగ్లీషు మాట్లాడినంత మాత్రాన మంచివాడని అనుకోవడం అంతకంటే ప్రమాదం. విచారణ అంటూ చేస్తే అందరికీ ఒకటే విచారణ ఉండాలి, యజమాని బావమరిదికైనా సరే. నిజాయితీగా పనిచేసే మనిషికి అది అవమానం కాదు, అండ.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ కాగితం చేతికి వచ్చిందంటే పిల్లలకు భయం లేనట్టేనా? కాదు. ఎందుకు కాదో ఇంగ్లండులో జరిగిన ఒక ఘోరం చెబుతుంది.

2002 ఆగస్టులో సోహాం అనే ఊళ్ళో పదేళ్ళ ఆడపిల్లలు ఇద్దరు హత్యకు గురయ్యారు. చంపినవాడు ఆ ఊరి హైస్కూలులో కేర్‌టేకరు. తర్వాత జరిగిన విచారణ నివేదిక 2004లో వచ్చింది. ఇంతకు ముందు అతను ఉన్న ప్రాంతంలో చిన్నవయసు ఆడపిల్లల విషయంలో అతనిపై పలుమార్లు ఆరోపణలు వచ్చి, పోలీసుల దాకా వెళ్ళాయని తేలింది. ఒక్కదానిలోనూ శిక్ష పడలేదు. ఆ సమాచారాన్ని అక్కడి పోలీసులు సరిగా భద్రపరచలేదు, పక్కవాళ్ళకు అందించలేదు. పైగా ఉద్యోగానికి అతను వేరే ఇంటిపేరు వాడుకున్నాడు. తనిఖీ ఆ పేరు మీదే జరిగింది, పాత పేరు మీద జరగలేదు. తనిఖీ అయింది, కాగితం శుభ్రంగా వచ్చింది, పిల్లలు మాత్రం పోయారు.

ఆ తర్వాత వాళ్ళు 2006లో ఒక చట్టం చేశారు. పిల్లల దగ్గర పని చేయడానికి తగనివాళ్ళ జాబితా ఒకటి పెట్టారు. అందులో ముఖ్యమైన నియమం ఏమిటంటే, పిల్లలకు హాని చేశాడని ఎవరినైనా పనిలోంచి తీసేస్తే, ఆ సంగతి ఆ జాబితా చూసే కార్యాలయానికి చెప్పి తీరాలి. చడీచప్పుడు లేకుండా పంపేయడానికి వీల్లేదు. ఒకచోట తీసేసినవాడు ఇంకోచోట చేరకుండా ఉండడానికే ఈ ఏర్పాటు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూద్దాం. 2007లో మన కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ఒక అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగానికి పైగా, అంటే 53 శాతం మంది పిల్లలు, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. చేసినవాళ్ళలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్ళో, వాళ్ళు నమ్మిన స్థానంలో ఉన్నవాళ్ళో. పిల్లల్లో ఎక్కువ మంది ఆ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పకపోతే ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేకపోతే కేసు లేదు. కేసే లేకపోతే పోలీసులు ఏ కాగితం మీద ఏం రాస్తారు?

నా సంగతి చెబుతానన్నాను కదా. కొన్నేళ్ళ కిందట మా కాలనీకి వేసవిలో స్కేటింగ్ నేర్పడానికి ఒకతను వచ్చేవాడు. మర్యాదగా మాట్లాడేవాడు. ఒకరోజు పక్క బ్లాకు ఆవిడ వచ్చి, చక్రాలబూట్లు కట్టే వంకతో తన తొమ్మిదేళ్ళ కూతురి ఒంటిమీద ఎక్కడెక్కడో చేతులు వేస్తున్నాడని ఏడ్చింది. అయిదారుగురు ఆడవాళ్ళం కూర్చున్నాం. "పోలీసులంటే పిల్ల పేరు బయట పడుతుంది, రేపు దాని భవిష్యత్తు ఏం కాను?" అన్నది నేనే. సెక్రటరీ గారు అతన్ని పిలిచి రేపటి నుంచి రావద్దన్నారు. పీడ విరగడైందనుకున్నాం.

రెండేళ్ళు తిరగలేదు. మా చెల్లెలు వాళ్ళ అబ్బాయిని చేర్పిద్దామని ఒక కరపత్రం తెచ్చి చూపించింది. అందులో అతని ఫోటో ఉంది. అనుభవం అని రాసినచోట మా కాలనీ పేరు కూడా ఉంది. నా కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆ శిబిరంవాళ్ళు ఎంత పద్ధతిగా విచారణ చేయించినా, అతనికి వ్యతిరేకంగా ఏమీ లేదనే వచ్చి ఉంటుంది. ఏదైనా ఉండడానికి మేం ఏం చెప్పాం గనక?

ఆ రాత్రే ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళాను. రెండు రోజులు ఆలోచించుకుని ఆవిడ సరే అంది. ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం. "ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడే తెలిసింది నాకు. ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటోంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. సంస్థను నడిపేవాళ్ళు తమ కింది ఉద్యోగి చేసినది దాస్తే ఏడాది దాకా పడవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద మాత్రం ఏ చర్యా ఉండదు. నేను భయపడ్డ పేరు సంగతి కూడా చట్టం ముందే ఆలోచించింది. పిల్ల పేరు, ఫోటో, ఇంటి చిరునామా, బడి పేరు పత్రికల్లో రాకూడదు. పిల్లను స్టేషన్‌కి ఈడ్చనక్కర్లేదు. ఇంట్లోనే, తల్లో తండ్రో పక్కన ఉండగా వాంగ్మూలం తీసుకోవచ్చు. మా విషయంలో అలాగే జరిగింది. ఒక మహిళా ఎస్.ఐ. మామూలు చీర కట్టుకుని వచ్చి, పిల్ల పక్కన నేల మీద కూర్చుని మాట్లాడింది. కేసు నడుస్తోంది. అంతకంటే చెప్పడం బాగుండదు.

వెరిఫికేషన్ కాగితం అడగండి, తప్పకుండా అడగండి. అది మన హక్కు. కాని ఆ కాగితం నిజం చెప్పాలంటే తెలిసినవాళ్ళు నోరు విప్పాలి. మీ పిల్ల ఏదైనా చెబితే కసరకండి, చివరిదాకా వినండి. విన్న తర్వాత 1098కి గాని, 112కి గాని ఫోన్ చేయండి. "రేపటి నుంచి రావద్దు" అని గేటు బయటికి పంపినవాడు మాయమైపోడు. ఇంకో గేటు దగ్గర నిలబడతాడు. అక్కడ పిల్లను దింపి వెళ్ళే తల్లి కూడా మనలాగే, వీళ్ళు చూసుకుంటారులే అనుకుంటూ ఉంటుంది.