మిషను మీద బొంత కుట్టు

కూచిపూడి అనగానే అందరికీ నాట్యమే గుర్తొస్తుంది. మా ఇళ్లల్లో ఆడవాళ్లకి బొంతలు కూడా! పాత నేతచీరలు నాలుగైదు పొరలుగా పరిచి చేత్తో కుట్టేవారు. కుట్టుమిషను ఉంటే అదే పని దానిమీదా చేసుకోవచ్చు.

గుడ్డని ముందుకి లాగే పళ్లని కిందికి దించండి. మామూలు ఫుట్ తీసి ఎంబ్రాయిడరీ ఫుట్ బిగించండి. ఫుట్ మీట మాత్రం దించి తీరాలి, లేకపోతే పైదారానికి బిగువుండక అడుగున ఉండలు కడుతుంది. ఇక గుడ్డని నడిపేది మన చేతులే. చెయ్యి తొందరపడితే కుట్టు పొడుగవుతుంది, కాలు తొందరపడితే దారం ఒకేచోట గుట్టపడుతుంది. నట్టువాంగానికీ అడుగుకీ కుదిరినట్టు రెండూ కుదరాలి.

ముందు పొరలు కదలకుండా కచ్చాకుట్లు వేసి, మధ్యనుంచి అంచులకి రండి. మెలికల ముగ్గులా గీత తెగకుండా తిప్పితే చాలు. మరీ దగ్గరగా కుడితే పాతచీర చిరుగుతుంది, బొంత అట్టలా బిగుసుకుంటుంది. మెత్తదనంలో చేతికుట్టుకే నా ఓటు.

మా అత్తయ్యకి చూపు మందగించి, వాళ్లమ్మ చీరల బొంత సగంలో ఆగిపోతే నేనిది నేర్చుకున్నాను. ఆవిడ కుట్టిన సగాన్ని ముట్టుకోలేదు. రెండు కుట్లూ కలిసేచోట వేళ్లతో తడిమి, “ఇక్కణ్ణించి నీదన్నమాట” అన్నారు.

నూలుదారం, 14 నంబరు సూది వాడండి. పొరలు మందమైతే 16. చిరుగుదుప్పటి ముక్కలమీద నాలుగురోజులు చెయ్యి తిప్పాకే చీరలు బయటికి తియ్యండి.